ఇండోల్ కంపు

కర్నూలులో నేను పరిశోధన చేసే రోజుల్లో మా గైడుగారికి ముఖ్యమైన పనులు రెండే: సన్మానాలకు వెళ్లడం, తిరిగొచ్చి మా మీద అరవడం. ఆయనది కోయిలకుంట్ల వైపు పెద్ద భూములున్న కుటుంబం. ల్యాబులో కూడా పొలం గట్టు మీద నిలబడ్డట్టే నిలబడేవారు.

నా పని ఒక ఎంజైము మీద. ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం మన ఒంట్లో తయారు కాదు, తిండి ద్వారా రావాల్సిందే. బ్యాక్టీరియా మాత్రం సొంతంగా చేసుకుంటుంది. ఆ తయారీలో చివరన ఈ ఎంజైము ఇండోల్ అనే పదార్థాన్ని సెరీన్ అనే మరో అమైనో ఆమ్లంతో అతికిస్తుంది. ఇండోల్ లేశమంతైతే మల్లెపూల వాసన, ఎక్కువైతే భరించలేని కంపు. గైడుగారు ఏళ్ల తరబడి ఈ ఎంజైము మీదే ఊరూరా ఉపన్యాసాలిచ్చారు. సీసా మూత తీసి చూసిన పాపాన మాత్రం పోలేదు.

ఆ ఎండాకాలం తనిఖీ బృందం వస్తుందనగా ముందు రోజు కరెంటు పోయింది. ఫ్రిజ్ ఆగిపోయి, మూత వదులైన ఇండోల్ సీసా గదంతా గుప్పుమంది. గైడుగారు ముక్కు మూసుకుని వచ్చారు.

"ఏందమ్మా ఈ కంపు? యాడన్నా డ్రైనేజీ పగిలిందా?"

"కాదు సార్, ఇండోల్. మన ఎంజైముకు వాడేదే."

"నాకే చెప్తాండావా? ఇండోల్ మల్లెపూల వాసనొస్తాదని నేనే పేపర్లలో రాసినా. ఇది పాయఖానా కంపు!"

సాయంత్రానికల్లా మేస్త్రీలొచ్చి నేల పగలగొట్టారు. పైపు బయటపడింది. అందులో కంపు సంగతి అటుంచి, నీటి చుక్కే లేదు.

మర్నాడు తనిఖీవాళ్లు ఆ గుంత దాటుకుంటూ లోపలికొచ్చారు. వాళ్లలో ఒక పెద్దావిడ గాలి పీల్చి, "ఇండోల్ వాడతారా ఇక్కడ?" అని అడిగారు.

గైడుగారి ముఖం వెలిగిపోయింది. "అవును మేడమ్. మా ల్యాబులో ఎప్పుడూ మల్లెపూల సువాసనే!"

"ఇప్పుడు వస్తున్నది మీకు మల్లెపూల వాసనలా ఉందా?"

ఆయన దిక్కులు చూసి, చివరికి నా వైపు చూశారు.

"సార్‌కు రెండు రోజులుగా జలుబు, మేడమ్" అన్నాను.

ఆవిడ నవ్వాపుకుంటూ పక్క గదిలోకి వెళ్లిపోయారు. వాళ్లు వెళ్లాక గైడుగారు నన్ను పిలిచి, "శానా తెలివైన పిల్లవమ్మా నువ్వు" అన్నారు. నెలల తరబడి బల్ల మీద పడేసిన నా థీసిస్ తీసి, ఒక్క పేజీ అయినా తిప్పకుండా సంతకం పెట్టారు. దాన్ని పట్టుకుని వచ్చి బయట మెట్ల మీద కూర్చున్నాను. నవ్వు రావాల్సింది, ఒళ్లు మండిపోయింది.