మావయ్య చెయ్యి

మా మావయ్య ఆదివారం మధ్యాహ్నం పోయారు. పేపర్లో వేయించిన ప్రకటనలో ‘ప్రశాంతంగా కన్నుమూశారు’ అని ఉంది. అది చదివితే నాకు ఒళ్లు మండింది. ప్రశాంతత ఆ మనిషి దరిదాపుల్లో ఎప్పుడూ లేదు. ఆయన కొట్టే మనిషి. ఆ కొట్టే చేతి వల్లే ఇవాళ నేను బతికి ఉండి ఇది రాస్తున్నాను.

చేపల వేటకు పోయే కుటుంబంలో పుట్టి, నౌకాదళంలో చేరి, మన దేశానికి సబ్‌మెరైన్లు వచ్చిన తొలి రోజుల్లోనే వాటిలోకి దిగారు. మునగడం అనే మాట నోట్లోంచి రానివ్వని ఇల్లు అది. కొడుకు మునగడమే ఉద్యోగంగా పెట్టుకున్నాడని వాళ్లమ్మ చాలాకాలం ఎవరికీ చెప్పుకోలేదట. అక్కడి ఆనవాయితీ ప్రకారం, మొదటిసారి సముద్రం లోపలికి దిగిన రోజు కొత్తవాళ్లు ఉప్పునీళ్లు తాగాలి. తాడుకు వేలాడదీసి ఊపిన సుత్తికి గ్రీజు పూసి ఉంటుంది, అది మీదికి వచ్చినప్పుడు ముద్దు పెట్టుకోవాలి. ఈయన తొందరపడ్డారు. ముందు పళ్లు రెండు ఊడి చేతిలోకి వచ్చాయి. ఆ బోసి సందు చూపించి మరీ నవ్వేవారు.

బీచి రోడ్డులో మ్యూజియంగా పెట్టిన, జనం టిక్కెట్టు కొని ఎక్కే సబ్‌మెరైన్ ఆయనది కాదు. ఆయన పనిచేసినదాన్ని సర్వీసు అయ్యాక ముక్కలు కోసి పాత ఇనుము కింద అమ్మేశారు. ఆ కబురు విన్న రోజు అన్నం కంచాన్ని గోడకేసి కొట్టారు. పప్పు మరక మళ్లీ సున్నం వేసేదాకా పోలేదు. నేను గోపాలపట్నంలో ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి రిటైరై చాలాకాలమైంది కానీ, ఆయన ఇంకా ఆ పడవలోనే కాపురం ఉన్నారు. ఒక్క మగ్గు నీళ్లతో స్నానం ముగించేవారు. ఎవరైనా తలుపు తెరిచి వదిలేస్తే ఒక్క మాట అనేవారు కాదు, వేళ్ల మీద ఒక్కటిచ్చేవారు. “నోటికన్నా సెయ్యి బేగొత్తాది” అనేవారు. మా ఆయన బాల్యమంతా ఆ చేతి కిందే గడిచింది.

ఒక సాయంత్రం నాకు జలుబు చేసి ముక్కు పనిచెయ్యడం లేదు. సిలిండరు గ్యాసు లీకవుతోందని తెలియక మసక వెలుతురులో వంటింట్లో బియ్యం ఏరుతున్నాను. డ్యూటీ దిగి వచ్చిన మా ఆయన, “సీకట్లో ఏటి సేత్తన్నావ్” అంటూ గుమ్మంలోంచే స్విచ్చు మీదికి చెయ్యి చాపాడు. ఎటునుంచి వచ్చారో మావయ్య, చేతికర్ర తిరగేసి ఆ మణికట్టు మీద కొట్టారు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. మా ఆయన కేక వేసేలోగా భుజం మీద ఇంకోటి వేసి బయటికి తోశారు. నా జడ పట్టుకుని వీధిలోకి ఈడ్చి పడేశారు. మోకాళ్లు చీరుకుపోయి రక్తం కారుతుంటే నేను తిట్లు లంకించుకున్నాను. ఆయన లోపలికి పోయి సిలిండరు కట్టేసి, కిటికీలన్నీ తెరిచి, బయటికొచ్చాక నోరు విప్పారు.

“గ్యాసు.”

మా ఆయన పోర్టులో క్రేను నడిపేవాడు. ఆ చేతితో మళ్లీ లివర్లు పట్టలేకపోయాడు. గేటు దగ్గర డ్యూటీ ఇచ్చారు. ఆ రోజు నుంచి తండ్రితో మాట మానేశాడు. ఒకే ఇల్లు, ఒకే గిన్నెలో అన్నం. “మీ మావకి సెప్పు” అని ఈయన, “ఆడికి సెప్పమ్మా” అని ఆయన, మధ్యలో నేను. ముసలాయన పోయేలోగా ఇద్దరూ ఒక్కమాట మాట్లాడుకుంటే చాలని నా ఆరాటం.

“వద్దురా అని నోటితో చెప్పొచ్చు కదా మావయ్యా” అని ఒకసారి నిలదీశాను.

“సెప్పినానమ్మా, ఒకడికి” అన్నారు.

సబ్‌మెరైన్లో బ్యాటరీలు చార్జి అయ్యేటప్పుడు గ్యాసు పుడుతుందట. ఒక్క నిప్పురవ్వ చాలు. టెక్కలి వైపు కుర్రాడొకడు, ఈయనా ఒకే పడక మీద వంతులవారీగా పడుకునేవారు. “ఆడు బ్యాటరీల కాడ లైటు స్విచ్చు మీద సెయ్యెయ్యబోతన్నాడు. ఆగరా అని అరిసినాను. పిలిత్తే మనిసి మొకం తిప్పుతాడమ్మా, సెయ్యి ఆగదు. నా ఏపు తిప్పినాడు, సెయ్యి స్విచ్చు నొక్కీసింది. ఆ మొకమే కాలిపోనాది. లాగుదావని సెయ్యి పట్టుకుంటే తోలు నా సేతిలోకి ఒచ్చీసింది.”

అయినా నేను ఊరుకోలేదు. “నా మొగుడు మీ పడవలో లేడు కదా” అన్నాను. ఇదంతా మా ఆయనకి చెబితే, “ఆ మాట నాకు సెప్పొచ్చు కదా. అంత బేగి కొట్టినోడు అదొక్కటీ సెప్పలేడేటి?” అన్నాడు. ఇద్దరిదీ న్యాయమే. నాకు ఇద్దరి మీదా కోపమే.

చివరి వారం ఆసుపత్రిలో మావయ్యకు మతి తప్పింది. ఆయన లెక్కలో వార్డే సబ్‌మెరైన్. మంచం పక్కనున్న స్విచ్చు బోర్డు వైపు ఎవరి చెయ్యి వెళ్లినా కొట్టేవారు. ఒక నర్సుకు ముక్కు మీద తగిలి రక్తం కారింది. ఇక తప్పక రెండు చేతులూ గుడ్డతో మంచానికి కట్టేశారు. కట్ల కింద తోలు లేచిపోతున్నా గుంజుకుంటూనే ఉన్నారు.

శనివారం మా ఆయన నాకు క్యారేజీ ఇవ్వడానికి వచ్చాడు. ఎప్పుడూ గుమ్మం దగ్గరే ఆగిపోయేవాడు, ఆ రోజు కట్లు చూసి లోపలికొచ్చాడు.

“ఆ కట్లు ఇప్పీయండి” అన్నాడు నర్సుతో.

“కొడతారండీ.”

“కొట్టేది నన్నే కదా. ఇప్పీయండి.”

స్టూలు లాక్కుని తండ్రికీ స్విచ్చు బోర్డుకీ మధ్య కూర్చుని, మంచం మీద చెయ్యి పెట్టాడు. ముసలి చెయ్యి లేచి దబ్బున దాని మీద పడింది.

“తియ్యరా. గ్యాసు.”

“తీసినాను నాన్నా” అన్నాడు, చెయ్యి తియ్యకుండానే.

ఇన్నేళ్ల తర్వాత ఆ పిలుపు విని నాకు ఏడుపు ఆగలేదు. మళ్లీ కొట్టారు. మళ్లీ కొట్టారు. చెయ్యి కమిలిపోతున్నా మా ఆయన అలాగే కూర్చున్నాడు. కాసేపటికి దెబ్బల్లో బలం తగ్గింది, తర్వాత వేళ్లతో తట్టడమే మిగిలింది.

పొద్దు వాలాక ఇంకో నర్సు వచ్చి లైటు వెయ్యబోయింది. మా ఆయన నోరు తెరవలేదు. చటుక్కున ఆమె చెయ్యి పట్టుకుని ఆపేశాడు. ఆమె మంచం వైపు చూసి వెళ్లిపోయింది. గది మసకబారుతోంది. ముసలి వేళ్లు ఇంకా మా ఆయన చేతి మీద తడుతూనే ఉన్నాయి.