చెరువు గట్టు భోజనం

బస్టాండు ఎదురుగా ఉన్న లాడ్జిలో గదులు చిన్నవి, మెట్లు ఇరుకు. అయినా ఒకసారి దిగినవాళ్ళు మళ్ళీ అక్కడికే వచ్చేవాళ్ళు. కారణం కౌంటర్లో కూర్చునే ఆవిడ; అందరూ ఆమెని కౌంటరక్క అనేవాళ్ళు. గది తాళం చేతిలో పెడుతూనే ఆమె అడిగేది, "ఆకలి ఎలా ఉంది? కొంచెమా, గట్టిగానా?" జవాబుని బట్టి ఎక్కడికెళ్ళి తినాలో చెప్పేది. సెలవుకి వచ్చినవాళ్ళయితే ఏ బస్సెక్కాలో, ఏ గుట్ట ఎక్కితే గాలి బాగుంటుందో కూడా చెప్పేది.

తను తినని చోటుకి ఎవర్నీ పంపేది కాదు. సెలవు రోజు వచ్చిందంటే హోటళ్ళ రుచి చూడ్డానికి భర్త స్కూటరు వెనక ఎక్కి కూర్చునేది. "నీతో షికారంటే నాకు పరీక్షే. నాకు నచ్చినా నీ మొహం చూశాకే ఔననాలి," అని ఆయన నవ్వేవాడు.

అలాంటి మనిషికి సొంత మరిదే హోటలు పెట్టాడు. ఊరికి దూరంగా, చెరువు గట్టు మీద నాలుగు బల్లలు వేసి, చేపలు వేయించి పెట్టేవాడు. ఇక లాడ్జి జనమంతా తన దగ్గరికే వస్తారని ధీమాగా ఉన్నాడు.

ఒకరోజు ఒక జంట వచ్చి బల్ల దగ్గర కూర్చుని, సంచీలోంచి పొట్లాలు విప్పారు. "మాకు టీ మాత్రం చాలండి. చెరువు చూసి తీరాలనీ, ఇక్కడ టీ బాగుంటుందనీ లాడ్జిలో ఆవిడ చెప్పారు. భోజనం మాత్రం కట్టించుకుని వెళ్ళమన్నారు."

మరిది ఆ సాయంత్రమే అన్నగారింటికి వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది. అత్తగారు చిన్నకొడుకు పక్షమే. "పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా?" అని కోడల్ని దెప్పింది.

కౌంటరక్క తువ్వాలు మడతపెడుతూ నెమ్మదిగా అంది, "వాళ్ళకి నువ్వెవరో తెలీదు మరిదీ. నా మాటొక్కటే తెలుసు. అది పోతే నా దగ్గర ఇంకేం మిగుల్తుంది?"

"అంత బాగోలేదా వదినా?"

"పొద్దున వేయించి, మధ్యాహ్నం వేడి చేసి పెడుతున్నావు. ఎదురుగా చెరువు పెట్టుకుని ఎండుకట్టె తినిపిస్తే ఎలా?"

"అప్పటికప్పుడు వేయిస్తే ఆలస్యమవుతుంది. జనం ఆగరు."

"ఊరికే కూర్చోబెడితే ఆగరు. ఏం కావాలో చెప్పించుకుని, చెరువు చుట్టూ ఒక చుట్టు తిరిగి రమ్మను. నడిచొచ్చేసరికి చేప సిద్ధం, ఆకలీ సిద్ధం."

మరిది లేచి వెళ్ళిపోయాడు. తర్వాత చాలాకాలం ఆ గడప తొక్కలేదు. అత్తగారు కోడలితో పొడిపొడిగా మాట్లాడేది. కౌంటరక్కకి బాధ లేకపోలేదు. అయినా చెరువుకి వెళ్ళేవాళ్ళకి భోజనం కట్టించుకోమనే చెప్పేది.

ఎండలు తగ్గాక ఒకరోజు మరిది ఫోన్ చేశాడు. "వదినా, ఒకసారి రా." అంత మాత్రం చెప్పి పెట్టేశాడు.

భార్యాభర్తలు వెళ్ళారు. మరిది కుర్చీ కూడా చూపించలేదు. "ముందు ఒక చుట్టు తిరిగి రండి," అన్నాడు. గట్టు మీద గడ్డి కోసి బాట చేశాడు. అలసినవాళ్ళు కూర్చోవడానికి సగం దూరంలో ఒక బెంచీ వేశాడు. వాళ్ళు తిరిగొచ్చేసరికి చేప పెనం మీంచి నేరుగా పళ్ళెంలోకి వచ్చింది. కౌంటరక్క ముళ్ళు తీసుకుంటూ తీరిగ్గా తింది. భర్త తినడం మానేసి ఆమె మొహమే చూస్తున్నాడు. మరిది గరిట పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ఇంకో ముక్క వెయ్యి," అంది ఆమె.

మర్నాడు లాడ్జిలో దిగిన ఒక కుటుంబం ఎక్కడ తింటే బాగుంటుందని అడిగింది. "చెరువు గట్టుకి వెళ్ళండి, మా మరిదిదే," అందామె తలెత్తి. "మావాడని చెప్పడం లేదు. తిన్నాకే చెప్తున్నాను."

ఇప్పుడు ఆ గట్టు మీద పన్నెండు బల్లలున్నాయి. తొందరపడే వాళ్ళతో మరిది గర్వంగా చెప్తుంటాడు, "మా వదిన చేత బాగుందనిపించుకున్న చెయ్యండీ ఇది. ఒక చుట్టు తిరిగి రండి, మీకే తెలుస్తుంది."