పది సంతకాలు, ఒక ఆడపంది

సంఘంలో పదిమంది ఉంటే పదిళ్ళలోనూ వంతులవారీగా మీటింగు జరగాలి. ఆండర్సన్‌పేటలోని ఆ ఆడవాళ్ళ పొదుపు సంఘానికి మాత్రం తొమ్మిదిళ్ళే ఉండేవి. పదో ఇల్లు లూర్దమ్మది. అక్కడ పంది ఉంది. ఆమె వంతు వచ్చిన మంగళవారం అధ్యక్షురాలు వెంకటలక్ష్మమ్మ మీటింగును తన వరండాలోనే పెట్టి, కాఫీ ఖర్చు మాత్రం లూర్దమ్మ దగ్గర వసూలు చేసేది. ఆ కాఫీలో పోసే పాలు వెంకటలక్ష్మమ్మ ఆవువే. అడ్డం వచ్చింది పంది కాదని లూర్దమ్మకు తెలుసు. కోళ్ళు పెంచే చిక్కమ్మ ఇంట్లో కంపు అంతకన్నా ఎక్కువ. అక్కడ అందరూ రెండేసి గ్లాసులు తాగేవాళ్ళు.

చిన్న అప్పు పేదింటి బతుకు మారుస్తుందనీ, ఆడవాళ్ళ ఐకమత్యమే దానికి హామీ అనీ బ్యాంకు గోడ మీద రాసి ఉంది. కింద బొమ్మలో పదిమంది చేతులు పట్టుకుని నవ్వుతుంటారు. బతుకు మారిన మాట నిజమే. ఐకమత్యం సంగతి ఆ బొమ్మ గీసినవాణ్ణే అడగాలి.

ఊళ్ళోని బంగారు గని మూతపడిన ఆరేళ్ళకు లూర్దమ్మ సంఘం పేరుమీద పదివేలు తీసుకుని కడుపుతో ఉన్న ఆడపందిని కొన్నది. దానికి కొట్టం కావాలి. ఆమె మొగుడు ప్రేమరాజు ఇరవైరెండేళ్ళు అండర్‌గ్రౌండులో టింబర్ పని చేసినవాడు. తవ్విన దారి నెత్తిన కూలకుండా దుంగలు నిలబెట్టడం ఆయన విద్య.

"ఇటికెకి, రేకులకి దుడ్డు యాడుండాది మే? తవ్వేదానికి చేతులుండాయి కదా" అన్నాడు.

పెరట్లో ఆరడుగుల లోతున గుంత తవ్వాడు. నాలుగు వైపులా దుంగలు నాటాడు, పైన పలకలు పరిచి మట్టి కప్పాడు. పాత గని దోస్తులు వచ్చి ఆ దుంగల్ని అరచేత్తో తట్టి చూసి మెచ్చుకుని పోయారు. వాన వస్తే ఏమిటని ఒక్కడూ అడగలేదు. గనిలో ఊరిన నీళ్ళు తోడడానికి పంపులు రాత్రింబగళ్ళు తిరిగేవి. వాటిని చూసుకునేవాళ్ళు వేరే ఉండేవాళ్ళు. నీళ్ళంటే ఎవరో తోడేసేవే అన్న నమ్మకం ఆ మగవాళ్ళ ఎముకల్లో ఇంకిపోయింది.

మే నెలలో ఒక సాయంత్రం గంటసేపు వాన దంచింది. తల్లి పంది ఎలాగో గట్టెక్కింది. అప్పటికి ఈనిన తొమ్మిది పిల్లలూ గుంతలోనే చచ్చి తేలాయి. ప్రేమరాజు మోకాళ్ళ లోతు బురదలో నిలబడి, "చూడు, ఒక్క దుంగన్నా కదిలిందేమో" అన్నాడు.

"ఆ దుంగల్నే కూర వండుకొని తిను పో" అంది లూర్దమ్మ. ఆ పూట ఆమె పొయ్యి వెలిగించలేదు.

అయినా బ్యాంకుకు నెలనెలా కట్టాల్సిన కంతు తప్పలేదు. బట్టలు ఉతికింది, చెవికమ్మలు అమ్మింది, ఇంకా ఆరు కంతులు మిగిలేదాకా తెచ్చింది. పంది మళ్ళీ చూలు కట్టింది. సెప్టెంబరు ఆఖరున, సరిగ్గా వానల్లో ఈనుతుంది. ఆలోగా నేలకు ఎత్తుగా ఇటుకల కొట్టం లేచి తీరాలి. లేకపోతే ఈ ఈతా నీళ్ళపాలే. దానికి ఇంకో పాతికవేలు కావాలి, కాగితం మీద మిగతా తొమ్మిదిమంది సంతకాలు కావాలి. జూలై మీటింగులో అడిగింది.

"పిల్లల్ని గుంతలో ముంచినోళ్ళకి ఇంగా అప్పా?" అంది వెంకటలక్ష్మమ్మ. "ఆ పందిని అమ్మేసి, యాడన్నా హోటల్లో గిన్నెలు కడుక్కో లూర్దమ్మా. నీకు అదే సరి."

"ముందే ఈత నేర్పించాల్సింది కదమ్మా" అని చిక్కమ్మ ఎగతాళి చేసింది. అందరూ నవ్వారు.

లూర్దమ్మ నవ్వు ఆగేదాకా ఆగింది. "సరే అక్కా, అమ్మేస్తాను. మిగిలిండే ఆరు కంతులూ ఇంగ కట్టను."

"కట్టకుండా యాడికి పోతావు?"

"యాడికీ పోను, ఈడే ఉంటాను. నా కంతు మీరు తొమ్మిదిమందీ కట్టండి. కట్టకుంటే బ్యాంకోళ్ళు సంఘానికే అప్పు నిలిపేస్తారు. దసరా కాగానే నీ రెండో ఆవు అప్పు కదక్కా?"

వెంకటలక్ష్మమ్మ కాగితం లాక్కుని, చినిగేటట్టు సంతకం గీకింది. "నోరు చూడు దీనిది, గని సైరన్ మాదిరి!"

"ఇంగొకటి. నీ ఆవు కాగితాల మీద నా సంతకం కావాలంటే ఆ మీటింగు నా ఇంట్లో పెట్టాల" అంది లూర్దమ్మ, మిగతా ఎనిమిదిమంది సంతకాలూ అయ్యాక.

గుంతను ప్రేమరాజు చేతనే పూడ్పించింది. కొట్టం ఎక్కడ, ఎంత ఎత్తు, కాలవ ఎటు అనేది తానే చెప్పింది. నోరు తెరవబోయిన ప్రతిసారీ ఆయన్ని ఒక చూపు చూసింది. సెప్టెంబరులో నాలుగు రోజులు ముసురు పట్టింది. పదకొండు పిల్లలు పుట్టాయి, పదకొండూ బతికాయి.

దసరా అయిన తర్వాతి మంగళవారం తొమ్మిదిమందీ ముక్కుకు కొంగులు అడ్డం పెట్టుకుని వచ్చారు. లూర్దమ్మ కాఫీ తెచ్చి పెట్టింది. ఎనిమిది గ్లాసులు లేచాయి. తొమ్మిదోది నేల మీదే ఉండిపోయింది.

"నేను ఇప్పుడే తాగి వచ్చినాను" అంది వెంకటలక్ష్మమ్మ.

లూర్దమ్మ పెన్ను మూత తీయకుండా ఒళ్ళో పెట్టుకుంది. "తొందరేముందక్కా. కాఫీ కానీ."

వెంకటలక్ష్మమ్మ కాగితం వంక చూసింది, పెన్ను వంక చూసింది. ఆముదం తాగినట్టు కళ్ళు మూసుకుని గ్లాసు ఖాళీ చేసింది. "అంతా నీళ్ళు!" అని గ్లాసును ఠంగున దింపింది.

"పొద్దున మీ ఇంట్లోనే పోయించుకొని వచ్చినాను, మీ ఆవు పాలే" అంటూ లూర్దమ్మ పెన్ను మూత తీసింది.

ఇప్పుడు ఆ కొట్టంలో ఆరు తల్లి పందులున్నాయి. మూడో అప్పుతో పాత ఆటో కొన్నారు. ప్రేమరాజు దాన్ని తోలుకుంటూ హోటళ్ళలో మిగిలిన కూడు పోగుచేసుకొస్తాడు. ఆదివారం చర్చిలో పూజ కాగానే కూతురు సెలీన్ మాంసం అంగడి తెరుస్తుంది. ఆ మూడో అప్పుకూ పదిమందీ సంతకం పెట్టారు. ఎవరి మనసూ మారలేదు. లూర్దమ్మ వంతు వచ్చిన మంగళవారం వెంకటలక్ష్మమ్మ అందరికన్నా ముందే వచ్చి, గుమ్మంలోనే నిలబడి కాఫీ ముగించి, కొంగు ముక్కుకు పెట్టుకుని కూర్చుంటుంది. లూర్దమ్మ మాత్రం ఆ గ్లాసును ఏనాడూ అంచుదాకా నింపకుండా ఇవ్వదు.