వంతెన మీద ఆగని పెండ్లి కారు

దయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. చెన్నూరు బజారులో నాకో చిన్న కుట్టు దుకాణం ఉంది. జాకెట్టు కొలతలు ఇవ్వడానికి వచ్చే ఆడవాళ్ళు చెప్పే ముచ్చట్లలో సగం దయ్యాలవే. "దయ్యానికి జాకెట్టు కావాలన్నా నా దగ్గరికే తోలుర్రి, కొలత తీసుకుంట" అని వాళ్ళను ఏడిపించేదాన్ని. ఆ మాట ఇప్పుడు అనడం లేదు.

ఇది మా తమ్ముడు సురేశ్ పెండ్లిలో జరిగింది. నా కళ్ళతో చూసింది, చేతులతో తాకింది మాత్రమే రాస్తున్నాను.

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్నారు గానీ, మూఢం పోయాక వచ్చే మొదటి ముహూర్తానికి కారు కిరాయికి దొరకబట్టి చూడు అని ఎవరూ అనలేదు. పిల్ల రమ్యది చొప్పదండి. పెండ్లి వాళ్ళ ఊళ్ళోనే. కొత్త కోడలిని తెచ్చుకునే కారు మాత్రం మేమే పెట్టుకోవాలి. మాట్లాడుకున్న కారు ముందురోజు చెడిపోయింది. మంచిర్యాల దాకా ఫోన్లు చేశాం. ఉన్న బండ్లన్నీ ఎవరో ఒకరి పెండ్లికి పోయాయి. మా బాపు పరేషానై అన్నం కూడా ముట్టలేదు.

అప్పుడు మా వీధి చివర ఉండే సలీం భాయ్ గుర్తుకొచ్చాడు. ఆయనకు తెల్ల కారు ఉంది. రోగులను కరీంనగర్ ఆసుపత్రులకు తీసుకుపోయి తెస్తుంటాడు. పెండ్లిళ్ళకు మాత్రం బండి ఇవ్వడు. ఎందుకివ్వడో ఎవరూ అడిగినట్టు లేదు. వాళ్ళావిడ నా దగ్గరే బట్టలు కుట్టించుకుంటుంది, ఆ చనువుతో వాళ్ళ గడప దగ్గర కూర్చుని లేవనని మొండికేశాను.

ఆయన మొదట కుదరదన్నాడు. చివరికి ఒప్పుకున్నాడు.

"వస్త చెల్లె. కానీ గోదావరి బ్రిడ్జి మీద బండి ఆపుమనొద్దు. గంతే."

పోలీసుల భయం కాబోలు అనుకుని సరేనన్నాను. ఇంటికి వచ్చి ఆ సంగతి చెబితే మా అవ్వ, అంటే మా అమ్మ, మూతి విరిచింది. కొత్త కోడలు మొదటిసారి గోదావరి దాటేటప్పుడు వంతెన మీద దిగి గంగమ్మకు పసుపు, కుంకుమ, గాజులు, రవిక గుడ్డ వేయడం మా ఇంట్లో ఆనవాయితీ. అవ్వ కూడా అలాగే వచ్చింది, నానమ్మ కూడా. అవ్వ అన్నీ ఒక కవర్లో సర్ది నా సంచిలో పెట్టింది. జరసేపు ఆపితే బండి అరిగిపోతదా అని గొణిగింది.

పెండ్లి బాగా జరిగింది. భోజనాలయ్యాక అప్పగింతలప్పుడు రమ్య వాళ్ళమ్మ బిడ్డకు ఒడిబియ్యం పోసింది. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు రమ్య కొంగులో పోస్తే, ఆ కొంగును మూటగా చుట్టి నడుముకు కట్టింది నేనే. గుడ్డతో బతికేదాన్ని, నా ముడి జారదు. ఆ బియ్యం పొడిగా ఉన్నాయని కూడా నాకు బాగా తెలుసు, ఎందుకంటే కిందపడిన గింజలను నేనే ఏరి మళ్ళీ ఒడిలో వేశాను.

కార్లో సురేశ్ ముందు కూర్చున్నాడు. వెనక సీట్లో కూర్చుంటే వాడికి వాంతులు. పెండ్లికొడుకైనంత మాత్రాన కడుపు మాట వింటుందా? వెనక ఎడమ కిటికీ దగ్గర రమ్య, కుడి కిటికీ దగ్గర నేను, మా మధ్యలో నా సంచి. దిష్టి తీయడానికి ఇంట్లో ఆగిన అవ్వ, ఇంకొందరు పెద్దవాళ్ళు తప్ప మిగతా చుట్టాలంతా వెనక బస్సులో వస్తున్నారు. రమ్య కాసేపు ఏడ్చి, తర్వాత మెల్లగా నాతో మాటల్లో పడింది. మంచి పిల్ల, బెదురుతోంది పాపం అనుకున్నాను. గోదావరిఖని దాటేవరకు మా మధ్య మామూలు ముచ్చట్లే.

వంతెన కనబడగానే కవరు బయటకు తీశాను. ఎండలు ముదిరిన రోజులు, కింద చూస్తే ఎక్కువగా ఇసుకే, ఒక పక్కన సన్నగా నీళ్ళు. సలీం భాయ్‌ని ఆపమని అడగలేదు. మాట మాటే. కిటికీ దించి కవరు విసిరేద్దామని చూస్తే అద్దం కదల్లేదు. ఆయన తన దగ్గరి నుంచే అద్దాలన్నీ బిగించేశాడు.

"అద్దాలు దించకుర్రి" అన్నాడు.

వంతెన సగానికి వచ్చాం. అప్పుడు రమ్య తల వంచుకునే నా వైపు జరిగింది. నా సంచిని పక్కకు నెట్టి, నాకు ఆనుకునేంత దగ్గరికి వచ్చి, కిటికీ దగ్గరి జాగా ఖాళీ చేసింది. బస్సులో ఎవరో ఎక్కితే మనం జరుగుతామే, అచ్చం అలాగే.

"జర జరుగు వదినె. ఆమెకు జాగ లేదు" అంది.

ఎవరికి అని అడిగాను. రమ్య ఇంకొంచెం నా వైపు ఒత్తుకుంది. కళ్ళు తెరిచే ఉన్నాయి, నన్ను మాత్రం చూడటం లేదు. ముందు అద్దంలో సలీం భాయ్ చూపు ఒక్కసారి వెనక సీటు మీద పడింది. వెంటనే చేయి పెట్టి ఆ అద్దాన్ని పైకి తిప్పేశాడు. ఆ తర్వాత చెన్నూరు దాకా అద్దం లేకుండానే నడిపాడు. సురేశ్ ముందు సీట్లో హాయిగా నిద్రపోతున్నాడు.

ఇంకా పొద్దుండగానే ఇల్లు చేరాం. రమ్య తన వైపు తలుపు తీసుకోలేదు, నా వెనకాలే కుడివైపు నుంచి దిగింది. మామూలు మనిషిలాగే నవ్వుతోంది. అవ్వ దిష్టి తీసి లోపలికి పిలిచింది. మా దగ్గర కొత్త కోడలు ముందు ఒడిబియ్యం దించి, తర్వాత దేవుడి దగ్గర దీపం ముట్టిస్తుంది. అక్కడితో ఆమె ఆ ఇంటి మనిషి అయినట్టు.

నేను ముడి విప్పాను. చేతికి చల్లగా తగిలింది. చాటలో పడిన బియ్యం రాత్రంతా నానబెట్టినట్టు ఉబ్బి ఉన్నాయి. పసుపు కరిగి కారుతోంది. గింజల మధ్య సన్నటి ఇసుక, ఏటి వాసన.

పట్టుచీర మీద నీళ్ళు పడితే మరక దాగదు. ఎన్నో చీరలు చూశాను. ఆ బియ్యం మోసిన కొంగు మీద ఒక్క మరక లేదు, ముట్టుకుంటే పొడిగా ఉంది. ఏసీ నీళ్ళు కారాయా అని తర్వాత చూశాను, లేదు. నీళ్ళ సీసా ముందు సీట్లో సురేశ్ కాళ్ళ దగ్గర మూత తీయకుండానే ఉంది.

ఇంట్లో ఉన్నవాళ్ళంతా చాట చుట్టూ చేరారు. మా పెద్దమ్మ, అంటే బాపు వాళ్ళ వదిన, మా ఇంట్లో ఆమె మాట దాటేవాళ్ళు లేరు. ఆమె చాటను చూసింది, రమ్యను చూసింది.

"పిల్లను దీపం ముట్టియ్యనియ్యకుర్రి. తల్లిగారింటికి తోలుర్రి. మంచి రోజు చూసి మల్ల తెచ్చుకుందాం" అంది.

మల్ల అనే మాట ఉత్తదే అని అక్కడున్న అందరికీ తెలుసు. పెండ్లినాడే వెనక్కి పంపిన పిల్లను ఏ ఊరూ మంచిగా చూడదు. రమ్య ఖాళీ అయిన కొంగును గుప్పిట్లో నలుపుతోంది. అవ్వ చేతిలోని అగ్గిపెట్టెను కొంగులో దాచింది. నాకు భయం కంటే ముందు కోపం వచ్చింది.

"నీళ్ల సీస నా చేతులకెంచి జారింది పెద్దమ్మా. ఒడిల నేనే ఒలకబోసిన" అన్నాను.

ఇసుక ఎక్కడిదని ఆమె అడిగితే దొరికిపోయేదాన్ని. అదృష్టం కొద్దీ అడగలేదు. నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టి ఊరుకుంది. రమ్య దీపం ముట్టించింది. ఆ వెలుగులో ఆమె ముఖం చూసి నాకు ఏడుపొచ్చింది.

బయటికి వస్తే సలీం భాయ్ వెనక సీటును తువ్వాలతో అద్ది పిండుతున్నాడు. ఎడమ కిటికీ వైపే. తువ్వాల నుంచి నీళ్ళు ధారగా పడుతున్నాయి.

"నేను ఆపలే చెల్లె. నువ్వు చూసినవ్ గద, నేను ఆపలే" అన్నాడు.

ఆయనకు తెలిసింది కూడా కొంచెమే. ఆ కారు ఆయన పాతదే కొన్నాడు. అమ్మినవాడు పెండ్లికూతురు ఉంటే వంతెన మీద ఆపొద్దని మాత్రం చెప్పి, ఎందుకో చెప్పకుండా తాళాలిచ్చి పోయాడట. కొన్న కొత్తలో ఒక పెండ్లివాళ్ళ కోసం ఆపాడట. ఏం జరిగిందని ఎంత అడిగినా సలీం భాయ్ చెప్పలేదు. "ఆపకపోతే ఏమీ కాదనుకున్న, ఇయ్యాల గా నమ్మకం కూడ పోయింది" అని బండెక్కి వెళ్ళిపోయాడు. ఆ కారు ఇప్పుడు వాళ్ళింటి ముందు కప్పేసి ఉంది.

వంతెన మీద ఏమన్నావని తర్వాత రమ్యను మెల్లగా అడిగాను. తాను ఏమీ అనలేదంది. కొంచెం చలిగా అనిపించింది, అంతేనంది. అబద్ధమాడే పిల్ల కాదు. ఒడిబియ్యం పారేయకూడదు కాబట్టి అవ్వ కడిగి, ఆరబెట్టి వండింది. నాకు మాత్రం ముద్ద దిగలేదు. వంతెన మీద వేయలేకపోయిన ఆ కవరును ఒక పొద్దున మా ఊరి గోదావరి రేవులో వదిలి వచ్చాను. అందులో నేను కూడా రెండు గుప్పెళ్ళ పసుపు బియ్యం వేశాను. ఎవరి కోసమో నాకే తెలియదు.

ఈ మధ్య రమ్యను కాన్పుకు తల్లిగారింటికి దింపివచ్చింది నేనే. కారు వద్దన్నాను. పట్టపగలు, నిండుగా జనం ఉన్న బస్సులో పోయాం. కిటికీ దగ్గర రమ్య, పక్కన నేను, నా అవతల సీటు అంచున కూరగాయల గంప పెట్టుకున్న ఒక ముసలామె. వంతెన ఎక్కగానే నేను రమ్య చేయి పట్టుకున్నాను. ఆమె ఫోన్‌లో ఏదో చూసుకుంటోంది. తల ఎత్తకుండానే నా వైపు జరిగింది. కిటికీ దగ్గర జాగా ఖాళీ అయింది.

నేనూ జరిగాను. పక్కనున్న ముసలామె విసుక్కుంటూ గంపను ఒళ్ళోకి తీసుకుంది.

రమ్యకు నెలలు నిండాయి. ఏ దారిన వచ్చినా గోదావరి దాటకుండా చొప్పదండి నుంచి చెన్నూరు రాలేం. దయ్యాలు లేవనే ఇప్పటికీ అంటాను, ఉన్నాయనడానికి నా దగ్గర తడిసిన బియ్యం తప్ప సాక్ష్యం లేదు. కానీ బిడ్డను ఎత్తుకుని వచ్చే రోజు ఆ కిటికీ దగ్గర నేనే కూర్చుంటాను. ఎంత జరగమన్నా జరగను.