ఇద్దరికి చాలని బల్ల

ఇప్పుడంటే ఎవరైనా ‘నా పరిశోధన’ అనగానే నలుగురూ కుర్చీ జరిపి కూర్చోమంటున్నారు గానీ, నేను పరిశోధనలో చేరిన ఆ రోజుల్లో మా నర్సింహులపేట వైపు దానికి అంత మర్యాద ఉండేది కాదు. పరిశోధన అంటే తెల్లకోటు వేసుకుని గాజు సీసాల్లోకి తొంగిచూడటమని మావాళ్ల నమ్మకం. నేనేమో మానుకోట స్టేషన్ దారిలో (మహబూబాబాదును మేమట్లాగే పిలుస్తాం) ఒక సిమెంటు బల్ల కింద వెల్లకిలా పడుకుని, నోట్లో స్క్రూడ్రైవర్ కరచుకుని, వైర్లు అతుకుతూ మా మేనత్త కంటపడ్డాను. ఆమె అక్కడ ఒక్క మాట కూడా అడగకుండా నేరుగా మా ఇంటికి పోయి, “పిల్ల గంత సదువు సదివి బల్లలు బాగుచేస్తాంది” అని చెప్పి వచ్చింది. చెప్పొద్దూ, అందులో అబద్ధమేమీ లేదు.

అసలు సంగతి అర్థం కావాలంటే ముందు నా ముగ్గురు గైడ్ల గురించి చెప్పాలి. లోకంలో అందరికీ ఒక్క గైడు ఉంటాడు, ఆ ఒక్కరితోనే తల బొప్పి కడుతుంది. నా నుదుట ముగ్గురు రాసి ఉన్నారు. ఎలక్ట్రానిక్స్ చెప్పే ఆయన బోర్డు సారు (జేబులో పెన్ను మరిచేవాడు గానీ సర్క్యూట్ బోర్డు మరిచేవాడు కాదు). ఆలుమగల అనుబంధాల మీద మనస్తత్వశాస్త్రం చెప్పే ఆమె మనసు మేడం. పట్టణంలో మనుషులు ఎక్కడ నడవాలి, ఎక్కడ ఆగాలి, ఎక్కడ కూర్చోవాలి అని గీతలు గీసే ఆయన నీడ సారు. ఏ ఊరి పేరు చెప్పినా ‘అక్కడ నీడెక్కడుంది?’ అనేవాడు. ఈ ముగ్గురూ కలిసి ఒక ప్రాజెక్టు తెచ్చారు. చిన్న పట్టణాల్లో భార్యాభర్తలు తీరిగ్గా కూర్చుని మాట్లాడుకునే చోటు లేదు కదా, అట్లాంటి చోటు కడితే వాళ్ల మధ్య మాటలు పెరుగుతాయా అన్నది ప్రశ్న. నీడ సారు బల్ల కడతాడు, బోర్డు సారు అందులో యంత్రం పెడతాడు, మనసు మేడం ఫలితానికి అర్థం చెబుతుంది. మిగతా పనంతా, అంటే మొత్తం పని, నాది.

మొదటి సమావేశంలోనే ముగ్గురికీ చెడింది. బల్లకు వైరు పోయేందుకు చిన్న రంధ్రం కావాలని బోర్డు సారు అడిగాడు. తాను గీసిన బల్లకు రంధ్రం పెడితే ముక్కు కుట్టించినట్టుంటుందని నీడ సారు అన్నాడు. బల్లకు ముక్కు ఎక్కడుందో చూపించమన్నాడు బోర్డు సారు. మీ ఇద్దరికీ చిన్నప్పుడు ఎవరూ బొమ్మలు కొనిపెట్టలేదా అని మనసు మేడం శాస్త్రీయంగానే అడిగింది. అంతే, ఆ రోజు నుంచి ముగ్గురికీ మాటల్లేవు. కానీ ప్రాజెక్టు నడవాలి కదా, అందుకని నాతో చెప్పేవారు. “మీ సారుకు చెప్పమ్మా, సిమెంటు ఆరకముందే వైరు వెయ్యాలని.” “మీ మేడానికి చెప్పు, ప్రశ్నలు తగ్గించుకోమని.” ఒక్కోసారి ముగ్గురూ ఒకే గదిలో ఉండేవారు, అయినా మాట నా మీదుగానే పోయేది. మూడు శాఖలు కలిసి చేసే పరిశోధన అని కాగితాల మీద రాసుకున్నారు గానీ, ఆ కలయిక ఏదైనా ఉంటే అది నేనే.

ఎట్లాగో జనగామలో ఒకటి, మానుకోటలో ఒకటి, భూపాలపల్లిలో ఒకటి మూడు బల్లలు లేచాయి. సరిగ్గా ఇద్దరు పట్టే బల్ల, పైన రేకు నీడ. రెండు కొసల్లో రెండు చిన్న మైకులు, అంటే యంత్రానికి చెవులు. అవి మాటల్ని దాచుకోవు, మాట ఈ కొస నుంచి ఆ కొసకు పోయిందా, జవాబు తిరిగి వచ్చిందా అన్నది మాత్రమే చూస్తాయి (ఆ సంగతి పక్కనే పెద్ద అక్షరాలతో రాసి పెట్టాం). మాటా జవాబూ నడుస్తుంటే పైన పచ్చబల్బు, లేకపోతే ఎర్రబల్బు. జనగామలో అది బరువు తూచే మిషన్ అనుకుని, కూర్చుని లేచి టికెట్టు ఎక్కడ రాలుతుందా అని కింద వెతికేవారు. మానుకోటలో మిర్చి బస్తాలకు బల్ల మీద చోటిచ్చి మనుషులు నిలబడ్డారు. భూపాలపల్లిలో బొగ్గుబావి పనివాళ్లు ఎర్రబల్బు చూసి దూరంగా తిరిగిపోయారు, వాళ్లకు ఎర్రబల్బంటే ఏమిటో బాగా తెలుసు. అన్నీ సర్ది చెప్పి, ఆలుమగల్ని బతిమాలి కూర్చోబెడితే, వాళ్లు బుద్ధిగా కూర్చున్నారు, లేచి వెళ్లారు. బల్బు ఎర్రగానే ఉంది. మూడు ఊళ్లలోనూ అదే ఎరుపు.

ఆ ఎరుపు చూసి బోర్డు సారు యంత్రం విప్పించి మళ్లీ బిగింపజేశాడు. తప్పు యంత్రంలో లేదు. నీడ సారు బల్లను తూర్పుకు తిప్పించాడు. తప్పు దిక్కులో కూడా లేదు. చివరికి మనసు మేడం తేల్చేసింది, ఈ ఊళ్లలో భార్యాభర్తల మధ్య సంభాషణ అన్నదే లేదని, అదే రాసి ప్రాజెక్టు ముగిద్దామని. మేడం మంచిదే గానీ పుట్టి పెరిగింది పట్నంలో. సమీక్షకు పెద్దలు జనగామ వస్తున్నారు, వాళ్ల ముందు ఆ మాట పెడితే ప్రాజెక్టు మూతపడుతుంది, నా పరిశోధన కూడా దానితోపాటే పోతుంది. దానికన్నా నన్ను మండించింది ఇంకొకటి. మా ఇంట్లో అవ్వ (మా దగ్గర అవ్వంటే అమ్మే), బాపు పొద్దున లేచింది మొదలు మాట్లాడుకుంటూనే ఉంటారు. పత్తిచేను నుంచి పప్పుచారు దాకా వాళ్లు తీర్పు చెప్పని విషయం లేదు. వాళ్లకు మాటల్లేవని పుస్తకంలో రాస్తారా? నేను బతికుండగా అది జరగదని ఒట్టు పెట్టుకున్నాను. మొండిదాన్నని మా మేనత్త ఎప్పుడూ అనేది, ఆ మాటలోనూ అబద్ధం లేదు.

మర్నాడే అవ్వనూ బాపునూ బస్సెక్కించి మానుకోటకు తీసుకొచ్చాను. ముగ్గురు గైడ్లూ మూడు వైపుల నిలబడ్డారు. ఉత్త బల్ల మీద కూర్చోవడానికి ఇంత దూరం ఎందుకన్నాడు బాపు. అవ్వ కొంగు సవరించుకుని, ఫోటో తీస్తారేమోనని నిటారుగా కూర్చుంది. నేను ఎదురుగా నిలబడి బల్బు వైపు చూస్తున్నాను. కొంచెంసేపటికి అవ్వ నా వైపు చూసి నోరు విప్పింది.

“మీ బాపుకు చెప్పు, ఎండ మొకం మీద కొడ్తాంది, జెర గిటు జరుగుమను.”

బాపు కూడా నా వైపే చూశాడు. “నాకు ఎండ అలవాటేనని చెప్పు మీ అవ్వకు. పొద్దుగాల మందుగోలీ ఏసుకున్నదో లేదో అడుగు.”

“ఏసుకున్ననని చెప్పు. ఆయిన ఏసుకున్నడా?”

ఇట్లా చానాసేపు నడిచింది. గోలీలు అయ్యాయి, బర్రె సంగతి అయింది, మేనత్త నోటి దురుసు అయింది. ఇద్దరూ ఒక్కసారి కూడా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. బల్బు నిప్పులా ఎర్రగా ఉంది. మనసు మేడం నా పక్కకు వచ్చి, చూశావా, మీ ఇంట్లో కూడా అంతే కదా అని జాలిగా అంది. అప్పుడే నాకు వెలిగింది. ఇంట్లో అయినా నలుగురిలో అయినా పెనిమిటిని పేరు పెట్టి పిలవని, పెండ్లాంతో నేరుగా ముచ్చట పెట్టని ఊళ్లు మావి. వాళ్ల మాటలన్నీ నా మీదుగా పోతాయి. పుట్టిన దగ్గర్నుంచి ఇద్దరి నడుమా నిలబడి మాటలు మోసినదాన్ని, అది మోత అనే నాకు తెలియదు. ఆ యంత్రం కొస నుంచి కొసకు చూస్తోంది, నడుమ మనిషి సంగతి దానికి ఎవరూ చెప్పలేదు. ఇద్దరి కోసం కట్టిన బల్ల మీద మావాళ్లు ఇద్దరే కూర్చుంటే ఎట్లా మాట్లాడుకుంటారు?

బస్సెక్కించేటప్పుడు అవ్వను అడిగాను, నేను హాస్టల్లో ఉంటున్నాను కదా, మరి ఇంట్లో మీ మాటలెట్లా అని. అవ్వ సిగ్గుపడింది. “నువ్వు పోయినంక ఇంట్ల సప్పుడే లేకుండె బిడ్డా. బాపు గందుకే మేకపిల్లను తెచ్చిండు. దానికి చెప్తున్న.” నాకు నవ్వొచ్చింది. బాపు కిటికీలోంచి అటువైపు చూస్తూ కూర్చున్నాడు, ఏమీ విననట్టే.

ఇక నేను ఆగలేదు. బల్ల పొడుగు పెంచాలి, నడుమ మూడో చోటు రావాలి, అక్కడ మూడో చెవి పెట్టాలి. సమీక్ష దగ్గరపడింది, గైడ్లు ముగ్గురూ వద్దన్నారు. అప్పుడు మధ్యవర్తికి ఉండే అధికారం ఏమిటో నాకు తెలిసొచ్చింది. నీడ సారు దగ్గరికి పోయి, కట్టిన బల్లను పొడిగించడం మీ శాఖ వల్ల అయ్యే పని కాదని బోర్డు సారు అనుకుంటున్నట్టుంది సార్ అన్నాను. బోర్డు సారు దగ్గరికి పోయి, మూడో చెవి పెడితే యంత్రం గందరగోళపడుతుందని నీడ సారుకు అనుమానం అన్నాను. మేడంతో ఏమీ కల్పించలేదు, “మేడం, మీకు సార్లతో మాట చెప్పాలంటే ఎవరు కావాలి?” అని మాత్రం అడిగాను. ఆమె నన్ను కాసేపు చూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. వారం తిరక్కుండా జనగామ బల్ల మూడు చోట్లతో తయారైంది.

సమీక్ష రోజు మిట్టమధ్యాహ్నం. వచ్చిన పెద్దల్లో ముఖ్యుడు మీసాల ఆచార్యులు, నవ్వు మొహం కాదు. నేను మొత్తం చెప్పాను. ఆయన విని, చూపించమన్నాడు. నేను పిలిపించుకున్న పెద్దవంగర జంట ఎక్కాల్సిన బస్సు దారిలో ఆగిపోయింది. ఆ ఎండకు రోడ్డు మీద కాకి కూడా లేదు. మీసాలాయన గడియారం చూసుకున్నాడు. నా చదువు ఆ గడియారం ముల్లు మీద వేలాడుతోంది. నాకు ఇంకేదీ తోచక, బోర్డు సారును ఆ కొసన, నీడ సారును ఈ కొసన కూర్చోబెట్టి, నడుమ నేను కూలబడ్డాను.

పైన ఎర్రబల్బు. తర్వాత నీడ సారు దగ్గి, నా వైపు తిరిగి, “మీ సారుకు చెప్పమ్మా, వైరు బయటికి వేలాడుతున్నది, చూసేవాళ్లు నవ్వుతారని” అన్నాడు. బోర్డు సారు కూడా నా వైపే తిరిగి, “రంధ్రం చిన్నగా పెట్టింది ఎవరో అడుగు” అన్నాడు. అడిగాను. జవాబు వచ్చింది. చెప్పాను. దానికి జవాబు వచ్చింది. ముక్కు కుట్టించిన మాట మళ్లీ బయటికి వచ్చింది, సిమెంటు వచ్చింది, పోయిన ఏడాది టీ తాగకుండా లేచిపోయిన సంగతి కూడా వచ్చింది. నేను ఇటూ అటూ తిరిగి మెడ నొప్పి పుట్టి పైకి చూసేసరికి, నీడ రేకు కింద బల్బు పచ్చగా, కన్నార్పకుండా వెలుగుతోంది. యంత్రం లెక్క ప్రకారం మూడు పట్టణాల్లోకీ అన్యోన్యమైన జంట వాళ్లిద్దరే. ముందు మనసు మేడం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత మీసాలు కదిలాయి. చల్లటి నీళ్లు అమ్మే ముసలవ్వ ఆగి చూసి, “మంచిగున్నరు ఇద్దరు, ఎవల దిష్టి తాకకుండ” అని దీవించి పోయింది. ఆ పైన ఎవరూ ఆపుకోలేకపోయారు. నవ్వి నవ్వి బోర్డు సారు కళ్లు తుడుచుకుంటూ, అలవాటు తప్పి, నేరుగా నీడ సారుతోనే “టీ తాగుదామా?” అన్నాడు.

ప్రాజెక్టు ఆగలేదు. తర్వాత మూడు ఊళ్లలోనూ బల్లలు పొడుగయ్యాయి, నడుమ ఏ పిల్లో, ఏ అత్తో, దారినపోయే ఏ చుట్టమో కూర్చున్నారు, పచ్చబల్బులు వెలిగాయి, నా పేరు ముందు డాక్టర్ చేరింది (మా మేనత్త తన మోకాళ్లనొప్పికి మందు అడిగింది). బల్లలు ఇప్పుడు లేవు, రోడ్ల వెడల్పులో పోయాయి. నేను భూపాలపల్లిలో పాఠాలు చెప్పుకుంటూ, మా ఆయనతో, బిడ్డతో ఉంటున్నాను. మేం చదువుకున్నవాళ్లం, పేర్లు పెట్టి పిలుచుకుంటాం, మాకు ఆ పాత పద్ధతులేమీ లేవని నా గట్టి నమ్మకం.

మొన్న ఆదివారం ఏదో చిన్న మాట మీద ఇద్దరం మూతులు ముడుచుకుని వరండాలో చెరో కొస కూర్చున్నాం. ఛాయ్ చల్లారుతోంది. గడప మీద ఫోను చూసుకుంటున్న బిడ్డతో, “మీ డాడీకి చెప్పు, ఛాయ్ సల్లగైతదని” అన్నాను. ఆయన కూడా దానితోనే, “తాగుతనని చెప్పు, మీ మమ్మీ తిన్నదో లేదో అడుగు” అన్నాడు. అది తలెత్తి మా ఇద్దర్నీ చూసి, “నేనేమన్న మీ బల్లనా?” అంది. అంటూనే వచ్చి మా నడుమ కూర్చుంది. నాకు పైకి చూడాలనిపించింది, అక్కడ బల్బేమీ లేదని తెలిసి కూడా.

జూన్‌లో అది హాస్టల్‌కు పోతుంది, గురుకులంలో సీటు వచ్చింది. ఈలోగా అంగడికి పోయి ఒక మంచి మేకపిల్లను చూడాలి.