తొమ్మిదో నంబరులో ఆగిన బండి

దయ్యాల మీద నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. ఏడో తరగతిలోనే బడి మానేసినవాణ్ణి కాబట్టి సైన్సుతోనూ పెద్ద పరిచయం లేదు. నేను నమ్మేది నా నడుముకు వేలాడే కొలత టేపు ఒక్కదాన్నే. పన్నెండేళ్లుగా కువైట్‌లో, ఖైతాన్ అనే చోట ఒక వర్క్‌షాపులో వడ్రంగి పని చేస్తున్నాను. టేపు అబద్ధం చెప్పదు. చెప్పిందంటే తప్పు పట్టుకున్న చేతిది. ఆ రోజు నా చేతిదే తప్పేమోనని మూడుసార్లు కొలిచాను.

రెడ్డెప్ప చిన్నాయన నాకు సొంత చిన్నాయన కాదు, రాయచోటి దగ్గర మా ఊరాయన. మిలిటరీలో ఇరవై రెండేళ్లు కొండదారుల్లో లారీ తోలాడు. పెన్షన్ తీసుకుని ఊరికే కూర్చోలేక కువైట్ వచ్చి, మహబూలాలో ఒక బిల్డింగ్‌కు హారిస్‌గా చేరాడు. హారిస్ అంటే కాపలా, ఊడ్పు, నీళ్ల మోటారు అన్నీ ఆయనే. భార్య పోయి చాలా ఏళ్లయింది. ఒక్కతే కూతురు భారతి, మదనపల్లెలో నర్సు. ఊళ్లో ఉన్న ఇల్లు ఎప్పుడో ఆ పిల్ల పేరున రాసేశాడు.

కువైట్ ఖలాస్ చేసుకుని వెళ్లాక ఏం చేస్తాడో ఆయన ముందే తేల్చుకున్నాడు. పాత మినీబస్సు ఒకటి తీసుకుని, సీట్లు పీకేసి, అందులోనే మంచం, పొయ్యి, నీళ్ల డ్రమ్ము పెట్టించి, బతికినన్నాళ్లు ఆ బండిలోనే ఉంటాడట. ఇల్లూ లేదు, అద్దె గదీ లేదు. ఎక్కడ బాగుంటే అక్కడ ఆగడం, విసుగొస్తే తాళం తిప్పడం. సినిమా హీరోలకే కారవాన్ ఉంటుందనుకున్నాను, మా చిన్నాయనకూ వచ్చేసింది, ఇక హీరోయిన్ ఒక్కతే తక్కువని నేను ఏడిపించేవాణ్ణి. ఆయన నవ్వేవాడు కాదు. నోట్‌బుక్ తీసి కొలతలు చూపించేవాడు.

మిలిటరీ మనిషి కదా, ఏదైనా ముందు ప్రాక్టీసు చేయాలి. బిల్డింగ్ కింద స్తంభాల మధ్య పార్కింగ్ ఉంది. అందులో తొమ్మిదో నంబరు స్థలం ఖాళీ ఫ్లాట్‌ది. అక్కడ నా చేత బండి నేలంతా గీయించాడు. రంగు పొడి పూసిన దారం బిగించి లాగి వదిలితే నేల మీద నీలం గీత పడుతుంది, మా పనిలో రోజూ కొట్టే గీతే. పొడవు పద్నాలుగు అడుగులు, వెడల్పు ఆరు. లోపల ఒక మంచం, ఒక పొయ్యిగట్టు, ఒక స్టూలు. ఎడమవైపు తలుపు కోసం రెండడుగుల ఖాళీ. ఇక్కడి వ్యాన్లకు తలుపు కుడివైపు కదా అంటే, “ఇది మన రోడ్ల మీద తిరిగే బండిరా” అన్నాడు.

ఆ గీతల లోపల ప్రతి శుక్రవారం మూడు గంటలు కాపురం చేసేవాడు. చెప్పులు బయట విడిచి తలుపు ఖాళీలోంచి లోపలికి వెళ్లేవాడు. చాప పరచి పడుకునేవాడు, లేచి చాప మడిచేవాడు, ఫ్లాస్కులోంచి టీ పోసుకునేవాడు. కాలు ఒక్కసారి కూడా గీత దాటేది కాదు. నేను మాత్రం కావాలనే గీత మీదుగా నడిచి లోపలికి పోయేవాణ్ణి.

“గోడలోనుంచి వచ్చినావు. బయటికి పోయి తలుపు గుండా రా” అనేవాడు. నేను వెళ్లేదాకా టీ పోసేవాడు కాదు.

ఒకరోజు భారతి నాకు ఫోన్ చేసింది. వాళ్ల నాన్న స్నేహితుడు ఊళ్లో బండి చూసి పెట్టాడట. శనివారం ఈయన సరే అంటే లోపల పని మొదలవుతుంది.

“అన్నా, నువ్వన్నా చెప్పు నాయనకు. నేను బడికి పోయినన్నాళ్లు ఆయన మిలిటరీలో ఉండె. ఆ తర్వాత కువైట్. ఇప్పుడన్నా ఒకచోట ఉంటాడనుకుంటే చక్రాల మీద ఉంటాడంట. ఆ బండిలో నేను కూసోను చోటన్నా పెట్టినాడా?”

పెట్టలేదని నాకు తెలుసు. గీతలు కొట్టింది నేనే. ఒక మంచం, ఒక స్టూలు. ఎలాగైనా మాన్పిస్తానని మాటిచ్చాను.

ఆ శుక్రవారం మధ్యాహ్నం మహబూలా వెళ్లాను. చిన్నాయన పెరుగు తేవడానికి బకాలాకు, అదే వీధి చివరి కిరాణా కొట్టుకు పోయాడు. నాకు గట్టిగా మాట్లాడడం రాదు, నోరు తెరిస్తే జోకే వస్తుంది. అందుకే బకెట్, తడిగుడ్డ తీసుకుని గీతలన్నీ తుడిచేశాను. గీతలు మాత్రమే తుడిచాను, మధ్యలో నేలకు తడి తగల్లేదు. అక్కడి వేడికి ఐదు నిమిషాల్లో ఆ తడి కూడా ఆరిపోయింది.

ఆయన వచ్చి చూశాడు. చేతిలో పెరుగు డబ్బా అలాగే ఉంది.

“నువ్వు హ్యాండ్ బ్రేక్ వెయ్యలేదు చిన్నాయనా, బండి వెళ్లిపోయింది” అన్నాను.

ఆయన నవ్వలేదు, తిట్టనూ లేదు. అలవాటుకొద్దీ తలుపు ఉండే చోటికి పోయి చెప్పులు విడిచి, లోపలికి అడుగు వేయకుండా నిలబడ్డాడు. అది చూశాక నాకు జోకులు ఆగిపోయాయి. భారతి అన్న మాటలు అన్నట్టే చెప్పేశాను. చివరి మాట కూడా. ఆయన విని, చెప్పులు వేసుకోకుండానే తన గదికి పోయి తలుపేసుకున్నాడు.

కాసేపటికే దుమ్ము గాలి మొదలైంది. కువైట్‌లో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. పట్టపగలు ఆకాశం ఇటుక రంగుకు తిరిగింది, ఎదుటి బిల్డింగ్ కనబడలేదు. బస్సుకు పోలేక లిఫ్టు దగ్గర అద్దాల తలుపు వెనక కూర్చున్నాను. గంటన్నర ఉంటుంది. బిల్డింగ్‌లోంచి పార్కింగ్‌లోకి ఎవరు పోవాలన్నా ఆ తలుపు దాటాల్సిందే. చిన్నాయన గది కూడా నా వెనకే ఉంది. తలుపు తెరుచుకోలేదు.

గాలి తగ్గాక బయటికి వచ్చాను. నేలంతా పిండి జల్లినట్టు దుమ్ము. తొమ్మిదో నంబరులో మాత్రం నేల అద్దంలా ఉంది.

అంటే మొత్తం స్థలం కాదు. నాలుగు మూలలూ మూలమట్టం పెట్టి గీసినట్టు, ఒక నిడుపాటి గడి. దుమ్ము దాని అంచు దాకా వచ్చి, గోడకు కొట్టుకుని ఆగినట్టు బయట చిన్న గట్టుగా పేరుకుంది. ఎడమవైపు రెండడుగుల మేర మాత్రం గట్టు లేదు. అక్కడ దుమ్ము నాలుకలాగా లోపలికి పాకింది, తెరిచిన తలుపులోంచి వచ్చినట్టు. చిన్నాయన చెప్పులు దాని బయటే ఉన్నాయి, దుమ్ముతో నిండి.

ఎవడో వ్యాన్ పెట్టి ఉంటాడు అనుకున్నాను. కానీ పెట్టినవాడు తీసుకుపోవాలి కదా. దుమ్ము మీద ఒక్క టైరు గుర్తు లేదు, ఒక్క అడుగు లేదు. అయినా చక్రాల మీద నిలబడ్డ బండి కిందికి దుమ్ము పోకుండా ఎలా ఉంటుంది?

అప్పుడే మూడో అంతస్తు హమీద్ భాయ్, హైదరాబాదీ, కారు తుడుచుకోవడానికి దిగాడు. ఆ స్థలం చూసి నన్నే అడిగాడు.

“గా వ్యాన్ ఎవరిది భాయ్? గాలి షురూ అయినప్పుడు కిటికీలకెళ్లి చూసిన, నా కారు పక్కకే ఉండె. ఎప్పుడు తీసిండ్రు?”

ఏ రంగు వ్యాన్ అని అడిగాను. ఆ దుమ్ములో రంగేం కనబడుతుందని తన పనిలో పడ్డాడు. ఆయన కిటికీ నుంచి తన కారు వెనక భాగం వరకే కనబడుతుందని తర్వాత వెళ్లి చూశాను. అంతకు మించి ఆయనకూ తెలియదు.

టేపు తీశాను. వెడల్పు ఆరడుగులు, సరిగ్గా ఉంది. పొడవు పదహారు వచ్చింది. మళ్లీ కొలిచాను, పదహారు. రెండో వైపు నుంచి కొలిచాను, అంతే. నేను కొట్టిన గీత పద్నాలుగు. ఎవడైనా నన్ను ఆటపట్టించాలనుకుంటే పద్నాలుగే చేయాలి కదా? ఆ రెండడుగులు ఎక్కడివి?

చిన్నాయన గది తలుపు తెరుచుకుంది. చేతిలో నోట్‌బుక్ ఉంది. నేల వైపు చూడకుండా ముందు నా దగ్గరికే వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. దుమ్ము వల్లే అనుకుందాం.

“రేయ్ అబ్బీ, పెద్ద బండి చూడమని మావోనికి చెప్తాండా. పాపకు ఇంకో మంచం పట్టాల. ఎట్ల ఏసినా రెండడుగులు చాలలే, చూడు” అని పేజీ చూపించాడు.

కొత్తగా గీసిన బొమ్మ. రెండు మంచాలు, రెండు స్టూళ్లు. కింద పదహారు ఇంటూ ఆరు అని రాసుంది.

నేను నేల వైపు వేలు చూపించి, టేపు ఆయన చేతికిచ్చాను. ఆయన తలుపు ఉన్న చోటుకు నడిచి, పొడవు ఒకసారి కొలిచి, టేపు చుట్టి తిరిగి ఇచ్చాడు. గేటు కెమెరా ఇద్దరం చూశాం. గాలి మొదలయ్యే ముందు నుంచీ ఆగేదాకా ఒక్క బండి రాలేదు, పోలేదు. తర్వాత ఆయన చీపురు తెచ్చి పార్కింగ్ అంతా ఊడ్చాడు. తొమ్మిదో నంబరు ఊడ్వలేదు. సాయంత్రం గాలికి అది కూడా మిగతా నేలలో కలిసిపోయింది.

అంతకు ముందే ఫోటో తీశాను. మా గదిలో చూసినవాళ్లంతా, టార్పాలిన్ పరిచి తీసి ఉంటారు అన్నారు. టార్పాలిన్ అడ్డుపడితే నాలుకలాగా దుమ్ము లోపలికి ఎలా పాకింది అంటే మాట మార్చేస్తున్నారు. నేను ఎప్పుడూ అందర్నీ ఏడిపించేవాణ్ణే కాబట్టి ఇది కూడా నా వేషమే అనుకుంటారు. వాళ్ల తప్పు లేదు.

చిన్నాయన ఊరికి వెళ్లిపోయి ఏడాది దాటింది. భారతి సెలవు దొరికినప్పుడల్లా ఆ బండి ఎక్కుతుంది. ఆ మధ్య తన మంచం మీద కూర్చుని ఫోటో పంపి, “రెండో మంచం నువ్వు చెప్పి పెట్టించినావా అన్నా?” అని అడిగింది. ఊరికే వచ్చే పేరును నేను ఎప్పుడూ వదులుకోను. కానీ దానికి మాత్రం ఏం రాయాలో తెలియక, బాగుందమ్మా అని పెట్టాను.

ఆ కొలత ఎలా సరిపోయిందో నాకు ఇప్పటికీ తెలియదు. మహబూలాలో ఆ బిల్డింగ్‌లో పని పడితే ఆ పార్కింగ్ గుండానే లిఫ్టుకు పోవాలి. తొమ్మిదో నంబరు ఖాళీగానే ఉంటుంది, అడ్డంగా నడిస్తే పది అంగలే. నేను చుట్టూ తిరిగి పోతాను. గోడలోనుంచి నడవడం ఎందుకులే అని.