తీగ బాగా పడింది

గిరిప్రసాద్ రోజూ సాయంత్రం తిరుపతి నెట్ సెంటర్లో మూల కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. కళ్లద్దాలు నుదుటిమీదికి తోసి, ముక్కు తెరకానించి, ఎవరెవరో పెట్టిన ఫొటోల్లో తప్పులు వెతుకుతాడు. "మీ పాప బాగుంది, ఫొటో బాగాలేదు" అని రాసి, నిజం చెప్పకుండా ఉండలేనంటాడు. మొన్న శ్రీహరికోట రాకెట్‌ను మిద్దెమీది నుంచి తీసి తనూ పెట్టాడు. ఎవరో పెద్దమనిషి నొప్పించకుండా, "ముందున్న కరెంటు తీగ ఎంతో స్పష్టంగా పడింది. రాకెట్టే కాస్త సిగ్గుపడినట్టుంది" అని రాశాడు. గిరిప్రసాద్ ఆ మాటల్ని ఫొటోతో సహా ప్రింటు తీయించి, ఇంట్లో గట్టిగా చదివి వినిపించాడు.

"ఇంతకీ రాకెట్టు యాడుండాది?" అంది భార్య ధరణి, ఫొటో తిప్పితిప్పి చూసి.

"తెలిసినోళ్లు తీగను సూస్తారే. నీకు రాకెట్టే కావల్ల!"

తర్వాతి రాకెట్ లేచిన రోజు కూడా కెమెరాతో మిద్దెక్కాడు. వీధి తీగలన్నీ తీశాడు, రాకెట్ అడ్డం రాకుండా జాగ్రత్తపడి.